కాలేయం – కొవ్వు

కడప జిల్లాలోని ఎర్రగుంట్ల పేరు వినగానే నాపరాతి గనులు, సిమెంటు కర్మాగారాలు గుర్తుకు వస్తాయి. రాగిసంగటి, జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి ఆ ప్రాంతంలో తరతరాల ఆహారం. ఎండలో రాయి కొట్టేవారికి, మెట్టచేలలో గుంటక తోలేవారికి తిన్న తిండిలోని నూనె ఆ శ్రమలోనే ఖర్చయ్యేది. క్రమంగా యంత్రాలు వచ్చాయి. ఒంటి శ్రమ తగ్గింది. నూనె వాడకం మాత్రం తగ్గలేదు. ఇలా ఖర్చుకాని కొవ్వు చేరే చోట్లలో కాలేయం ఒకటి.

కాలేయవ్యాధికి మద్యపానమే కారణమని చాలామంది తలుస్తారు. మద్యం ముట్టనివారికి ఆ భయం లేదనుకుంటారు. ఇది పొరపాటు. మద్యపానం అలవాటు లేనివారి కాలేయం కూడా కొవ్వు చేరి, వాచి, దెబ్బతినగలదని అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు లుడ్‌విగ్, ఆయన సహచరులు 1980లో వివరించి, ఆ స్థితికి ఒక ప్రత్యేక నామం పెట్టారు.

ఉదరానికి కుడివైపు పైభాగంలో ఉండే కాలేయం సుమారు ఒకటిన్నర కిలోల బరువు ఉంటుంది. కాలేయం స్రవించే పైత్యరసం చిన్నప్రేగులలో కొవ్వు జీర్ణం కావడానికి తోడ్పడుతుంది. జీర్ణమైన కొవ్వులో అధికభాగం కండరాలకు, చర్మం క్రింది కొవ్వు పొరలకు చేరుతుంది; కొంత కాలేయానికి వస్తుంది. కాలేయం ఆ కొవ్వులో కొంత శక్తికి వినియోగించి, కొంత తిరిగి రక్తంలోకి పంపుతుంది. రాబడి ఖర్చును మించితే మిగిలినది కాలేయ కణాలలోనే బిందువులుగా నిలుస్తుంది. అటువంటి కణాలు 5 శాతం దాటితే దానిని ‘కొవ్వు కాలేయం’ అంటారు.

ఆ కొవ్వు అంతా నూనె, నేతుల నుండే వచ్చేది కాదు. స్థూలకాయుల శరీరంలోని కొవ్వు పొరల నుండి కొవ్వు ఆమ్లాలు నిరంతరం కాలేయానికి చేరుతుంటాయి. చక్కెర, తెల్లటి వరి అన్నం మితిమీరితే వాటిలోని పిండిపదార్థాన్ని కూడా కాలేయం కొవ్వుగా మారుస్తుంది.

కొవ్వులన్నీ ఒకే తీరుగా పనిచేయవు. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 39 మంది యువతీయువకులకు ఏడు వారాలపాటు అదనపు ఆహారంగా తీపి కేకులు ఇచ్చారు. కొందరికి పామాయిల్‌తోను, కొందరికి పొద్దుతిరుగుడు నూనెతోను చేసినవి ఇచ్చారు. 2014లో ఫలితాలు వెలువడ్డాయి. ఇరువర్గాల బరువూ సమానంగానే పెరిగినా, పామాయిల్ తిన్నవారి కాలేయంలో కొవ్వు ఎంతో ఎక్కువగా చేరింది. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వు ఉండటమే ఈ భేదానికి కారణం. రాయలసీమ పంట అయిన వేరుశనగ నూనెలో సంతృప్త కొవ్వు సుమారు అయిదవ వంతు మాత్రమే. అయినా ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీల శక్తినిస్తుంది కనుక మంచి నూనెకు కూడా మితం తప్పదు.

కొవ్వు కాలేయం తొలిదశలో నొప్పి ఉండదు. తరచు వేరే కారణానికి చేసిన స్కానింగులో అది బయటపడుతుంది. ఉపేక్షిస్తే కొందరిలో కాలేయం వాచి, మచ్చలు కట్టి, గట్టిపడి సిర్రోసిస్‌గా మారుతుంది. ఆ దశకు చేరిన కాలేయం పూర్వస్థితికి రావడం కష్టం. తొలిదశలో మాత్రం అది తేరుకోగలదు. అధిక బరువు గలవారు తమ బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలోని కొవ్వు తగ్గుతుంది. 7 నుండి 10 శాతం తగ్గితే వాపు కూడా ఉపశమిస్తుంది.

నూనెలు మితంగా వాడాలని, శరీరానికి కావలసిన కొవ్వును గింజలు, చిరుధాన్యాలు, పప్పుల నుండి కూడా పొందాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. సంగటి, జొన్నరొట్టె, గుప్పెడు చెనిక్కాయలు ఈ సూచనకు దూరమైనవి కావు. పూర్వుల ఆహారంతోపాటు వారి శ్రమను కూడా కొంతైనా నిలుపుకొన్నప్పుడే కాలేయం భారం తగ్గుతుంది.