హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాలు జట్టు

సాయంకాలమున మన కుసుమంచిలో బంతి తన్నుచుండు బాలురలో ననేకులకు, ఒకప్పుడు భారతదేశమున మేటియైన జట్టు హైదరాబాదు నగరముననే యుండెనన్న సంగతి తెలియదు. అది 1939లో నేర్పడిన నగర పోలీసు జట్టు.

1950లో సయ్యద్ అబ్దుల్ రహీంగారు దానికి శిక్షకులైరి. వారు వృత్తిచే ఉపాధ్యాయులు. పంతుళ్లకు బంతియాటతో పనియేమని పలుకువా రీమాట గమనింతురు గాక! ఆ యేడు మొదలు 1954 వఱకు వరుసగా 5 మారులు బొంబాయి రోవర్సు కప్పు ఈ జట్టునకే దక్కెను. 1950 నాటి డ్యూరండు కప్పు పోటీలో కలకత్తావారి మోహన్ బగాన్ జట్టు కడపటి యాటలో వీరిచేత నోడిపోయెను.

రహీంగారి బోధనారీతి విచిత్రమైనది. సాధారణముగా బాలురు కుడికాలినే నమ్ముకొని యెడమకాలిని సోమరిగా విడుతురు. అది కనిపెట్టిన ప్రత్యర్థి యొకవైపే కాచిన చాలును. కావున బలహీనమగు కాలితోడనే తన్నవలెనను నియమముతో వారు పందెములు నడపిరి. మఱికొన్నింట బంతిని తనయొద్ద నుంచుకొని పరుగిడుట నిషిద్ధము. వెంటనే తోడివాని కందీయవలయును. గొప్పకై యొంటరిగా నాడువానికి ఇది కఠినశిక్షయే.

వారి శిక్షణలో భారతజట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్కులందు నాలుగవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలందు దక్షిణ కొరియాను 2–1 తేడాతో నోడించి స్వర్ణపతకమును గాంచెను. 1963 జూను నెలలో రహీంగారు క్యాన్సరు వ్యాధిచే మృతిజెందిరి.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ పోలీసు అను పేరు దాల్చిన యాజట్టు ఆ యేటనే తొమ్మిదవమారు రోవర్సు కప్పు గెలిచెను. పిదప నట్టి గురువు దొరకలేదు. కలకత్తా జట్లు ధనమిచ్చి మంచి యాటగాండ్రను బిలుచుకొనుట మునుపే మొదలయ్యెను. సికింద్రాబాదువాడగు తులసీదాస్ బలరాం 1957లోనే ఈస్టుబెంగాలు జట్టున జేరెను. క్రమముగా నాజట్టు క్షీణించి, తుదకు లేకయే పోయినది.