ఆపదను ఆడి నేర్చుకోవడం

ఐక్యరాజ్య సమితి విపత్తు నివారణ విభాగం 2007లో ‘స్టాప్ డిజాస్టర్స్’ అనే వీడియో గేమ్‌ను ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో పెట్టింది. సునామీ, తుఫాను, వరద, భూకంపం, కార్చిచ్చు – ఈ అయిదింటిలో ఒకదాన్ని ఎంచుకుంటే ఒక ఊరి పటం, కొంత డబ్బు, కొంత గడువు ఆటగాడి చేతికొస్తాయి. ఆ డబ్బుతో, ఆ గడువులోగా జనానికి ఇళ్లు, బడి, ఆసుపత్రి కట్టాలి. ఉన్నవాటిని గట్టిపరచాలి. గడువు తీరగానే విపత్తు విరుచుకుపడుతుంది. ఆ తర్వాత ప్రాణనష్టం ఎంత, ఆస్తినష్టం ఎంత అన్న లెక్క తెరమీదకు వస్తుంది.

సునామీని ఎంచుకుంటే, అల వచ్చాక ఆటగాడు చేయగలిగిందేమీ లేదు. బడి ఎక్కడ కట్టాలో తేల్చుకున్నప్పుడే పిల్లల ప్రాణాల సంగతి తేలిపోయింది. తీరం అంచున స్థలం ఖాళీగా ఉంది కదా అని ఇళ్లు కట్టినవాడు, మడ చెట్లకు డబ్బు దండగ అనుకున్నవాడు, హెచ్చరిక వ్యవస్థను వాయిదా వేసినవాడు ఆ లెక్క చూసి మళ్లీ మొదటినుంచి ఆడతాడు. ఈ గేమ్ బలమంతా ఆ రెండో ఆటలోనే ఉంది. ఇదే విభాగం యునిసెఫ్‌తో కలిసి అంతకుముందు ‘రిస్క్‌ల్యాండ్’ అనే అట్టమీది ఆటను తయారుచేసింది. అందులో జాగ్రత్త ముందుకు జరుపుతుంది, అజాగ్రత్త వెనక్కి తోస్తుంది. వైకుంఠపాళి ఆడినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అయితే పాచికలు నడిపే ఆటలో గడి మంచిదా చెడ్డదా అన్నది అదృష్టం. వీడియో గేమ్‌లో తప్పూ ఒప్పూ ఆటగాడి నిర్ణయమే కాబట్టి పాఠం లోతుగా దిగుతుంది.

ఇలాంటి గేమ్ రూపొందించేవారు అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది పాయింట్ల గురించి. తెరమీద రాసిన సలహాను ఆటగాడు మరిచిపోవచ్చు. పాయింట్లు తెచ్చిపెట్టిన పనిని మాత్రం మరిచిపోడు. మంటలు అంటుకున్న ఇంట్లోంచి బయటపడే లెవెల్‌లో దారిలో కనిపించిన వస్తువులన్నీ ఏరుకుంటే అదనపు పాయింట్లు ఇచ్చారనుకుందాం. మామూలు గేముల్లో అది సరదా. ఇక్కడ మాత్రం అది ప్రాణాంతకమైన అలవాటును నేర్పుతుంది. పొగ పైకి లేస్తుంది కనుక వంగి, నేలబారుగా పాకుతూ, ఏదీ పట్టుకోకుండా బయటికి వచ్చినవాడికే ఎక్కువ పాయింట్లు దక్కాలి.

సునామీ గేముల్లో ఈ పొరపాటు మరింత సులువుగా దొర్లుతుంది. మొదటి అల తప్పించుకోగానే విజయ సంగీతం మోగించడం చూడ్డానికి బాగుంటుంది. నిజానికి సునామీలో అలలు గంటల తరబడి వస్తూనే ఉంటాయి, మొదటిదే పెద్దది కానక్కర్లేదు. కాబట్టి ‘ఇక దిగవచ్చు’ అని అధికారులు చెప్పేదాకా మెరకమీదే ఉండగలిగిన ఆటగాడే గెలిచినట్టు. సముద్రం వెనక్కి తగ్గితేనే సునామీ వస్తుందని చూపించడమూ ప్రమాదమే. 2004 డిసెంబరు 26న థాయిలాండ్ వైపు ముందు నీరు వెనక్కి పోయింది. సముద్రగర్భంలో నేల పైకి లేచిన దిక్కున ఉన్న భారత్, శ్రీలంక తీరాలకు మాత్రం మొదటే నీరు పొంగి వచ్చింది. సుమత్రా భూకంపం తర్వాత మన తీరానికి అల చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. కాకినాడ పిల్లల కోసం రాసే గేమ్‌లో అందుకే సముద్రం తీరుతో పాటు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పంపే హెచ్చరిక కూడా అంతే ముఖ్యమైన పాత్ర కావాలి. 2004 సునామీ రోజున థాయిలాండ్‌లోని ఫుకెట్ బీచ్‌లో సముద్రం తీరు మారడం చూసి పెద్దవాళ్లను హెచ్చరించింది పదేళ్ల టిల్లీ స్మిత్. సునామీ గురించి ఆమె బడిలో విన్నది కొద్దిరోజుల ముందే.

ఊరిని బట్టి ఆపద మారుతుంది కనుక లెవెల్ కూడా మారాలి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది చనిపోయారు. అక్కడి లెవెల్‌లో నేర్పాల్సింది గాలి గురించి కన్నా నీటి గురించే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన విశాఖపట్నంలో అయితే తుఫాను కన్ను గురించి చెప్పాలి: గాలి ఒక్కసారిగా ఆగగానే బయటికి వచ్చిన పాత్రను కాసేపట్లోనే ఎదురు దిక్కు నుంచి గాలి కొట్టాలి. తెలంగాణ పల్లెకు వాగు దాటే లెవెల్ తప్పనిసరి. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్లుంటే మనిషిని పడదోయగలదు, 30 సెంటీమీటర్లుంటే చిన్న కారును తేల్చగలదు. బండితో వాగు దాటడానికి నూటికి ఒక్కసారి కూడా గేమ్ అవకాశం ఇవ్వకూడదు. ఒక్కసారి దాటగలిగితే ఆటగాడికి అదే గుర్తుంటుంది.

అత్యవసర చికిత్స నేర్పే గేముల దారి వేరు. బ్రిటన్‌లోని రిససిటేషన్ కౌన్సిల్ 2013లో ‘లైఫ్‌సేవర్’ తెచ్చింది. అది సినిమాలా నడుస్తుంది. ఎదురుగా ఒక మనిషి కుప్పకూలితే, ఏం చేయాలో చూసేవారే ఎంచుకోవాలి, లయ తప్పకుండా ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేయాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలన్న వేగాన్ని తెర బాగానే నేర్పగలదు. ఛాతీ అయిదారు సెంటీమీటర్లు దిగేలా ఎంత బలం పెట్టాలో మాత్రం బొమ్మమీద చేతులు వేసి సాధన చేస్తేగాని తెలియదు.

కొన్ని పరిస్థితులకు సరైన జవాబంటూ ఉండదు. 1995 జనవరి 17న వచ్చిన కోబె భూకంపంలో 6,400 మందికి పైగా చనిపోయాక, ఆ నగర ఉద్యోగుల అనుభవాలతో జపాన్ పరిశోధకులు ‘క్రాస్‌రోడ్’ అనే కార్డుల ఆట తయారుచేశారు. అందులో ఒక ప్రశ్న ఇది: శిబిరంలో 3,000 మంది ఉన్నారు, 2,000 మందికే భోజనాలున్నాయి, ఇంకా వస్తాయన్న నమ్మకం లేదు. పంచాలా, వద్దా? అందరూ అవునో కాదో చెప్పి కారణం వివరించాలి. ఎక్కువమంది ఎటు ఉంటే వారికి నీలం బిళ్ల దక్కుతుంది. కానీ ఒక్కరే ఎదురు నిలిచిన సందర్భంలో బంగారు రంగు బిళ్ల ఆ ఒక్కరికే. ఎవరికీ తట్టని ఇబ్బందిని ఆ ఒక్కరే చూసి ఉండవచ్చన్న ఎరుకను ఆట నియమంలోనే ఇమిడ్చారు. వీడియో గేమ్ రచయితలు దీన్నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

పిల్లల గేమ్‌లో శవాలు, ఏడుపులు చూపించనక్కర్లేదు. ఇప్పటికే వరద చూసి బెదిరిన పిల్లలు ఆడుతుండవచ్చు. ఓడిన ప్రతిసారీ ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పి మళ్లీ అవకాశమివ్వాలి. నెట్ లేకపోయినా, పాత ఫోన్లలోనూ నడవాలి. చదవడం రానివారికి తెలుగు గొంతు వినిపించాలి. నేర్చుకున్నది నిలిచిందో లేదో తెలియాలంటే ఆడిన రోజు పెట్టే పరీక్ష చాలదు, కొన్ని వారాలు గడిచాక మళ్లీ అడగాలి. ఇక ప్రతి లెవెల్ చివరి పని ఫోన్ బయట ఉండాలి: ఇంట్లో మెయిన్ స్విచ్, గ్యాస్ రెగ్యులేటర్ ఆపడం రావడం, 112, 108 నంబర్లు నోటికి రావడం, దగ్గరలోని తుఫాను షెల్టర్‌కు ఇంట్లోవాళ్లతో కలిసి ఒకసారి నడిచి వెళ్లడం. ఆ పని పూర్తయిందని పెద్దలు ఒప్పుకున్నాకే తర్వాతి లెవెల్ తెరుచుకోవాలి.