అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో కాన్ఫరెన్సుల పునర్వ్యవస్థీకరణ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ జట్లు ఒక కూటమిని వదలి మరొక కూటమిలో చేరడం, కొత్త కూటములు ఏర్పడడం, పాతవి అంతరించడం - వీటన్నింటినీ కలిపి కాన్ఫరెన్సుల పునర్వ్యవస్థీకరణ అంటారు. ఏ కూటమిలోనూ చేరని జట్టును స్వతంత్ర జట్టు అంటారు. 1980ల వరకు ఆ దేశపు మేటి జట్లలో అనేకం స్వతంత్ర జట్లే. 2025 సీజనులో అగ్రశ్రేణిలో మిగిలినవి రెండే: ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం, కనెక్టికట్ విశ్వవిద్యాలయం. స్వతంత్ర జట్లు ఎందుకు తగ్గిపోయాయి, మిగిలినవి కూడా కూటములలో చేరాలా అన్నవి ఈ వ్యాసంలోని ముఖ్య విషయాలు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మన దేశంలో ఆ పేరుతో ఆడే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేతితో పట్టుకొని పరుగెత్తుతూ, విసురుతూ ఎదుటి జట్టు హద్దు దాటించే అమెరికన్ ఫుట్‌బాల్. ఒక్కొక్క జట్టు తరఫున ఒకేసారి 11 మంది ఆడతారు. కళాశాల పోటీలు ఎక్కువగా శనివారాలలో జరుగుతాయి. లక్షమందికి పైగా కూర్చోగల క్రీడాప్రాంగణాలు కొన్ని విశ్వవిద్యాలయాలకు ఉన్నాయి. అమెరికాలో పైచదువులు చదివిన తెలుగు విద్యార్థులలో చాలామందికి ఆ శనివారపు సందడి పరిచితమే.

కాన్ఫరెన్సు అంటే ఏమిటి

రంజీ ట్రోఫీలో ఏ జట్టు ఏ గ్రూపులో ఆడాలో భారత క్రికెట్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో అటువంటి పంపకం చేసే కేంద్ర సంస్థ లేదు. 1906లో ఆవిర్భవించిన నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్ (ఎన్.సి.ఎ.ఎ.) ఆట నియమాలను, ఆటగాళ్ళ అర్హతలను చూస్తుంది. కాని ఎవరు ఎవరితో కూటమి కట్టాలన్నది విశ్వవిద్యాలయాలే ఒప్పందాల ద్వారా తేల్చుకుంటాయి. ఇటువంటి కూటమినే కాన్ఫరెన్సు అంటారు. దీని ముఖ్య విధులు:

* సభ్య జట్ల మధ్య పోటీల పట్టిక తయారుచేయడం. ఒక జట్టు సాధారణంగా సీజనులో 12 పోటీలు ఆడుతుంది. పెద్ద కూటములలో వాటిలో 8 లేదా 9 తోటి సభ్యులతోనే జరుగుతాయి.
* ప్రతి సంవత్సరం కూటమి విజేతను నిర్ణయించడం.
* సభ్యులందరి తరఫున టెలివిజన్ ప్రసార హక్కులను అమ్మి, వచ్చిన ధనాన్ని పంచడం.
* బాస్కెట్‌బాల్, వాలీబాల్, ఈత మొదలైన ఇతర క్రీడల పోటీలు నిర్వహించడం.

స్వతంత్ర జట్టు ఈ పనులన్నీ ఫుట్‌బాల్ వరకు తానే చేసుకోవాలి. ప్రత్యర్థులను తానే వెతుక్కోవాలి, ప్రసార హక్కులను తానే అమ్ముకోవాలి.

తొలి కూటములు

రెండు కళాశాలల మధ్య తొలి ఫుట్‌బాల్ పోటీ 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్ల మధ్య న్యూజెర్సీ రాష్ట్రంలో జరిగింది. తరువాతి కాలంలో విద్యార్థులు కానివారిని కూడా ఆటకు దించడం వంటి అక్రమాలు పెరిగాయి. వాటిని అరికట్టడానికి 1896లో ఏడు విశ్వవిద్యాలయాలు కలిసి ఏర్పరచుకున్న కూటమే నేటి బిగ్ టెన్ కాన్ఫరెన్సు. తరువాత 1914లో సౌత్‌వెస్ట్, 1915లో పసిఫిక్ కోస్ట్, 1932లో సౌత్ఈస్టర్న్ (ఎస్.ఇ.సి.), 1953లో అట్లాంటిక్ కోస్ట్ (ఎ.సి.సి.) కూటములు ఏర్పడ్డాయి. ఇవన్నీ ప్రధానంగా ఇరుగుపొరుగు కూటములు. జట్లు రైలులో వెళ్ళి ఆడి తిరిగి రాగలిగిన దూరమే వీటికి సహజమైన హద్దు.

స్వతంత్ర జట్ల వైభవం

నోటర్ డేమ్, పెన్ స్టేట్, పిట్స్‌బర్గ్, సిరక్యూస్, మయామీ, ఫ్లోరిడా స్టేట్, సైనిక విద్యాసంస్థలైన ఆర్మీ, నేవీ జట్లు చాలాకాలం స్వతంత్రంగా ఆడాయి. ఆ రోజులలో జాతీయ విజేతను తేల్చే ప్రత్యేక పోటీ లేదు. పాత్రికేయులు, శిక్షకులు వేరువేరుగా ఓట్లు వేసి అగ్రస్థానాన్ని నిర్ణయించేవారు. అసోసియేటెడ్ ప్రెస్ ఓటింగులో 1982 నుండి 1989 వరకు ఎనిమిది సీజన్లలో ఆరుసార్లు అగ్రస్థానం స్వతంత్ర జట్లకే దక్కింది: పెన్ స్టేట్ (1982, 1986), మయామీ (1983, 1987, 1989), నోటర్ డేమ్ (1988).

స్వేచ్ఛ వల్ల కలిగే లాభానికి 1986 సీజను మంచి ఉదాహరణ. సీజను చివర జరిగే ఆహ్వాన పోటీలను బౌల్ పోటీలు అంటారు. పెద్ద కూటముల విజేతలు ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం నిర్ణీత బౌల్‌కే వెళ్ళాలి. కనుక మొదటి, రెండవ స్థానాలలోని జట్లు ఎదురుపడడం అరుదు. ఆ సంవత్సరం మొదటి స్థానంలోని మయామీకి గాని, రెండవ స్థానంలోని పెన్ స్టేట్‌కు గాని అటువంటి కట్టుబాటు లేదు. అందువల్లనే అవి 1987 జనవరి 2న అరిజోనాలోని ఫియెస్టా బౌల్‌లో తలపడగలిగాయి. పెన్ స్టేట్ 14-10 తేడాతో గెలిచింది.

1984 నాటి తీర్పు

1984కు ముందు ఫుట్‌బాల్ ప్రసారాలు ఎన్.సి.ఎ.ఎ. అధీనంలో ఉండేవి. టెలివిజన్‌లో ఎక్కువ పోటీలు చూపితే క్రీడాప్రాంగణానికి ప్రేక్షకులు రారన్న భయంతో ఆ సంస్థ పరిమితులు విధించింది. 1982లో మొదలైన పథకం ప్రకారం ఏ జట్టూ రెండు సంవత్సరాలలో ఆరుసార్లకు మించి టెలివిజన్‌లో కనిపించరాదు. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు దీనిపై న్యాయస్థానానికి వెళ్ళాయి. 1984 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో ఈ నియంత్రణ గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. న్యాయమూర్తి జాన్ పాల్ స్టీవెన్స్ తీర్పు రాశారు. కళాశాల రోజులలో స్వయంగా పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగాడైన న్యాయమూర్తి బైరన్ వైట్ విభేదించారు.

ఈ తీర్పుతో ప్రసార హక్కులు విశ్వవిద్యాలయాల చేతికి వచ్చాయి. కాని టెలివిజన్ సంస్థలకు ఒక్కొక్క జట్టుతో వేరుగా బేరమాడడం కంటే అనేక జట్ల పోటీలను కలిపి కొనడం అనుకూలం. దానితో ఇరుగుపొరుగు సంఘాలుగా మొదలైన కాన్ఫరెన్సులు క్రమంగా హక్కులను కలిపి అమ్మే వ్యాపార కూటములుగా మారాయి. ఎంత ఎక్కువ మంది చూసే జట్లు ఉంటే అంత మంచి ధర పలికింది. ఒంటరిగానే కొనుగోలుదారును సంపాదించిన స్వతంత్ర జట్టు నోటర్ డేమ్. 1991 నుండి దాని సొంతగడ్డ పోటీలను ఎన్.బి.సి. ప్రసారం చేస్తున్నది.

వలసల క్రమం

* 1990 - 93: పెన్ స్టేట్ 1990లో బిగ్ టెన్‌లో ప్రవేశం పొంది 1993 నుండి ఫుట్‌బాల్ ఆడింది. ఫ్లోరిడా స్టేట్ ఎ.సి.సి.లో చేరింది. మయామీ మొదలైన తూర్పు జట్లు బిగ్ ఈస్ట్ పేరుతో 1991లో ఫుట్‌బాల్ కూటమి కట్టాయి. 12 మంది సభ్యులకు పెరిగిన ఎస్.ఇ.సి. 1992లో విజేతను తేల్చే ప్రత్యేక పోటీని ప్రారంభించింది.
* 1996: సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్సు అంతరించింది. దానిలోని నాలుగు టెక్సస్ జట్లు, బిగ్ ఎయిట్ జట్లు కలిసి బిగ్ 12గా ఏర్పడ్డాయి.
* 2004 - 05: మయామీ, వర్జీనియా టెక్, బోస్టన్ కాలేజి జట్లు బిగ్ ఈస్ట్‌ను వదలి ఎ.సి.సి.లో చేరాయి.
* 2011 - 14: నెబ్రాస్కా, మేరీల్యాండ్, రట్గర్స్ బిగ్ టెన్‌లోకి, టెక్సస్ ఎ అండ్ ఎం, మిస్సోరీ ఎస్.ఇ.సి.లోకి వెళ్ళాయి.
* 2024: టెక్సస్, ఓక్లహోమా ఎస్.ఇ.సి.లో చేరాయి. పసిఫిక్ తీరపు ప్యాక్-12 నుండి పది జట్లు ఒకేసారి వెళ్ళిపోయాయి.

దీని ఫలితంగా పేర్లకు అర్థం లేకుండా పోయింది. బిగ్ టెన్‌లో 18, బిగ్ 12లో 16 విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా (బర్కిలీ) జట్లు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో ఆడుతున్నాయి.

ప్లేఆఫ్ పద్ధతి

2014 సీజను నుండి జాతీయ విజేతను ప్లేఆఫ్ పోటీల ద్వారా నిర్ణయిస్తున్నారు. మొదట నాలుగు జట్లకు, 2024 నుండి 12 జట్లకు అవకాశం ఇచ్చారు. జట్లను ఒక ఎంపిక సంఘం నిర్ణయిస్తుంది. 2024, 2025 సీజన్లలో ర్యాంకుల ప్రకారం ముందున్న ఐదుగురు కూటమి విజేతలకు చోటు ఖాయంగా ఉండేది. స్వతంత్ర జట్టు కూటమి విజేత కాలేదు కనుక, సంఘం ఇచ్చే ర్యాంకుపైనే అది పూర్తిగా ఆధారపడవలసి వచ్చింది. చర్చ ఇప్పుడు ముఖ్యంగా ఇక్కడే కేంద్రీకృతమై ఉంది.

నోటర్ డేమ్ చేరాలా?

నోటర్ డేమ్ 1842లో స్థాపితమైన కాథలిక్ విశ్వవిద్యాలయం. 20వ శతాబ్దం తొలినాళ్ళలో ఇరుగుపొరుగు కూటమిలో చేరాలని చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. దానితో ఆ జట్టు దేశమంతా తిరిగి ఆడింది. 1918 నుండి 1930 వరకు శిక్షకుడైన నూట్ రాక్నీ కాలంలో దానికి దేశవ్యాప్తంగా అభిమానులు ఏర్పడ్డారు. 1999లో బిగ్ టెన్‌లో చేరే అవకాశం వచ్చినపుడు విశ్వవిద్యాలయమే నిరాకరించింది. 2013లో ఇతర క్రీడలలో చాలావాటికి ఎ.సి.సి.లో చేరి, ఫుట్‌బాల్‌లో మాత్రం ఏటా సగటున ఐదు పోటీలు ఆ కూటమి జట్లతో ఆడేలా ఒప్పందం చేసుకున్నది. కోవిడ్ కారణంగా 2020లో ఒక్క సీజను మాత్రమే పూర్తిగా ఎ.సి.సి. సభ్యునిగా ఫుట్‌బాల్ ఆడింది.

చేరాలనేవారి వాదన: 2024లో మొదటి నాలుగు స్థానాలు కూటమి విజేతలకే కేటాయించినందువల్ల, ఎంత బాగా ఆడినా నోటర్ డేమ్‌కు తొలి దశ మినహాయింపు దొరికే వీలు లేదు. ఈ నిబంధనను 2025లో తొలగించారు. అయినా ఆ సీజనులో మొదటి రెండు పోటీలు ఓడి, తరువాతి పది వరుసగా గెలిచిన నోటర్ డేమ్‌కు ప్లేఆఫ్‌లో చోటు దక్కలేదు. మొదటి పోటీలో దానిని 27-24తో ఓడించిన మయామీకి చోటు దక్కింది. కూటమి విజేతను తేల్చే పోటీ లేనందువల్ల డిసెంబరులో తన బలాన్ని చూపే చివరి అవకాశం స్వతంత్ర జట్టుకు ఉండదు. పైగా కూటములు తమ అంతర్గత పోటీలను పెంచుకుంటూ పోతే, అక్టోబరు, నవంబరు నెలలలో దీనితో ఆడడానికి మంచి ప్రత్యర్థులు దొరకడం కష్టమవుతుంది.

వద్దనేవారి వాదన: స్వతంత్రంగా ఉంటూనే నోటర్ డేమ్ 2018, 2020, 2024 సీజన్లలో ప్లేఆఫ్‌కు చేరింది (2020లో మాత్రం ఎ.సి.సి. నుండి). 2024లో ఇండియానా, జార్జియా, పెన్ స్టేట్ జట్లను ఓడించి తుదిపోటీకి వెళ్ళి, 2025 జనవరి 20న ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడింది. ఆ ప్లేఆఫ్ ద్వారా లభించిన 2 కోట్ల డాలర్లు ఎవరితోనూ పంచుకోనవసరం లేకపోయింది. అదనపు పోటీ లేనందువల్ల గాయాల ముప్పు, ఓటమి ముప్పు కూడా తగ్గుతాయి. 1927లో నేవీతో మొదలైన పోటీల వంటి పాత బంధాలను నిలుపుకోవడానికి స్వేచ్ఛ ఉంటుంది.

ఇతర జట్ల అనుభవం

నోటర్ డేమ్ అనుభవం అందరికీ వర్తించదు. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం 2011 నుండి 2022 వరకు స్వతంత్రంగా ఆడి 2023లో బిగ్ 12లో చేరింది. నేవీ 2015లోను, ఆర్మీ 2024లోను అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్సులో ఫుట్‌బాల్ కోసం చేరాయి. ఆర్మీ చేరిన మొదటి సంవత్సరమే ఆ కూటమి విజేతగా నిలిచింది. మసాచుసెట్స్ తొమ్మిది సీజన్లు ఒంటరిగా ఆడి 2025లో మిడ్-అమెరికన్ కాన్ఫరెన్సుకు తిరిగి వెళ్ళింది. కనెక్టికట్ తన బాస్కెట్‌బాల్ జట్ల కోసం 2020లో బిగ్ ఈస్ట్‌కు తిరిగి వెళ్ళింది. ఆ కూటమి అప్పటికే ఫుట్‌బాల్ వదలివేసినందువల్ల దాని ఫుట్‌బాల్ జట్టు స్వతంత్రంగా మిగిలింది.

నష్టపోయినవారు

2024 మార్పులలో ఎక్కువ నష్టపోయినవి స్వతంత్ర జట్లు కావు. ఒక శతాబ్దానికి పైగా తమ కూటమిలో ఉన్న ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ జట్లు ప్యాక్-12లో రెండే మిగిలాయి. 1915లో పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్సును స్థాపించిన నాలుగింటిలో ఒరెగాన్ స్టేట్ ఒకటి. కూటమి ఆస్తులపై అధికారం కోసం అవి న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చింది. బోయిసీ స్టేట్ మొదలైన కొత్త సభ్యులతో 2026లో కూటమిని పునర్నిర్మించుకొనడానికి నిశ్చయించాయి.

పాత పోటీలు కూడా దెబ్బతిన్నాయి. ఓక్లహోమా, ఓక్లహోమా స్టేట్ జట్ల మధ్య ఏటా జరిగే పోటీ 2023 తరువాత ఆగిపోయింది. దీనికి భిన్నంగా 2011 తరువాత ఆగిన టెక్సస్, టెక్సస్ ఎ అండ్ ఎం పోటీ, రెండూ ఒకే కూటమిలోకి రావడంతో 2024లో తిరిగి మొదలైంది. ప్రయాణ భారం మరొక సమస్య. బిగ్ టెన్‌లోని లాస్ ఏంజిల్స్ జట్లకు, న్యూజెర్సీలోని రట్గర్స్‌కు మధ్య దూరం సుమారు 4,000 కిలోమీటర్లు. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒక్కసారే ఆడుతుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ వంటి క్రీడల విద్యార్థులు ఇంకా ఎక్కువసార్లు ఆడాలి కనుక, తరగతులు పోగొట్టుకొనేది ఎక్కువగా వారే. కూటమి మార్పును నిర్ణయించేది మాత్రం ఫుట్‌బాల్ ఆదాయమే.

సమీక్ష

స్వతంత్రంగా నిలవాలంటే ఒక జట్టుకు మూడు ఉండాలి: తన పోటీలను విడిగా కొనే టెలివిజన్ సంస్థ, ఏటా 12 మంది తగిన ప్రత్యర్థులు, జాతీయ ప్లేఆఫ్‌కు తెరచి ఉన్న దారి. నోటర్ డేమ్‌కు మొదటిది స్థిరంగా ఉంది. మిగిలిన రెండూ ఇతర కూటముల నిర్ణయాలపై ఆధారపడినవి. ఈ మూడూ లేని జట్లకు కూటమిలో చేరడం ఇష్టాయిష్టాల విషయం కాదు, మనుగడకు అవసరం. అయితే సభ్యత్వం కూడా శాశ్వతమైన రక్షణ కాదని ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ అనుభవం తెలుపుతున్నది. ఇతరులు ఆడడానికి ఒప్పుకున్నంతకాలమే స్వాతంత్ర్యం నిలుస్తుంది. పెద్ద సభ్యులు విడిచిపోనంతకాలమే కూటమి నిలుస్తుంది.