గోల్కొండను మార్చిన తెలుగు నేల

గోల్కొండ కుతుబ్‌షాహీల గురించి మన దగ్గర రెండు కథలు చలామణిలో ఉన్నాయి. తెలుగును నెత్తిన పెట్టుకున్న ఉదార ప్రభువులని ఒకటి, ఎక్కడి నుంచో వచ్చి గుళ్లను కొల్లగొట్టిన పరాయివాళ్లని మరొకటి. రెండు కథల్లోనూ రాజే కర్త. అతని మనసు మంచిదైతే రాజ్యం మంచిది, చెడ్డదైతే చెడ్డది. 1518 ప్రాంతంలో మొదలై 1687 దాకా సాగిన ఆ చరిత్రను కాస్త నిదానంగా చూస్తే మార్పు ఎక్కువగా కింది నుంచి పైకి పాకినట్టు కనిపిస్తుంది. ఊరి లెక్కలు రాసే కరణం, సొంత బలగంతో కోటను కాసే నాయకుడు, రేవులో సరుకు నడిపే కోమటి లేకపోతే గోల్కొండ ఖజానాలోకి ఒక్క హొన్ను కూడా రాదు. ఇరాన్ వైపు చూస్తూ పుట్టిన కొలువును మెల్లమెల్లగా తెలుగు రాజ్యంగా మలిచింది ఆ అవసరమేనని నా వాదన.

వంశకర్త సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చిన తుర్కమాన్. బహమనీల కొలువులో చేరి తెలంగాణకు అధికారి అయ్యాడు. బీదరులో బహమనీల పట్టు సడలిపోతుంటే తానే స్వతంత్రంగా ఏలడం మొదలుపెట్టాడు. అతను షియా. ఇరాన్‌లో సఫవీ షా ఇస్మాయిల్ 1501లో షియా మార్గాన్ని రాజ్యమతం చేశాడు. గోల్కొండలోనూ శుక్రవారం నమాజు వేళ చదివే ఖుత్బాలో పన్నెండుగురు ఇమాముల పేర్లు వినిపించసాగాయి. కొలువులో పెద్ద పదవులన్నీ ఇరాన్ నుంచి, మధ్య ఆసియా నుంచి వచ్చినవాళ్లవి. ఆ తొలినాళ్లలో ఈ రాజ్యానికి తెలుగు నేల గెలుచుకున్న భూమి మాత్రమే. తెలుగువాళ్లు శిస్తు కట్టే జనం మాత్రమే.

ఈ పరిస్థితి మారడం కులీ కొడుకు ఇబ్రహీంతో మొదలైంది. దానికి దారి వేసింది ఒక హత్య. 1543లో కులీని చంపించి మరో కొడుకు జంషీద్ గద్దెనెక్కాడు. ఇబ్రహీం ప్రాణం దక్కించుకుని విజయనగరం చేరాడు. అక్కడ అళియ రామరాయల నీడన ఏడేళ్లు గడిపాడు. జంషీద్ చనిపోయాక 1550లో తిరిగి వచ్చి సింహాసనం అందుకున్నాడంటే, కొందరు అమీర్లతో పాటు కోటల్లోని నాయకవాడీలు, అంటే తెలుగు కోటనాయకులు, అతని వెంట నిలవడమే కారణం. వాళ్లలో జగదేవరావు ముఖ్యుడు. ఇతనే కొద్ది కాలానికి ఇబ్రహీం మీద తిరగబడి రాజ్యం వదిలి వెళ్లిపోయాడు. ఈ సంగతిని మనం మరిచిపోకూడదు. నాయకుల మద్దతు భక్తితో ఇచ్చింది కాదు, బేరంతో ఇచ్చింది. ఆ బేరం నిలబెట్టుకోవడం రాజుకు రోజువారీ పని అయింది. ఇబ్రహీం తెలుగు కవులను ఆదరించడాన్ని ఈ వెలుగులోనే చూడాలి. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అతనికి అంకితమిచ్చాడు. కవులు అతణ్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అతని అధికారి, పటాన్‌చెరు ప్రాంతం ఏలిన అమీన్‌ఖాన్, పొన్నెగంటి తెలగన చేత ‘యయాతి చరిత్ర’ అంకితం పొందాడు. అది అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం. ఇబ్రహీంకు తెలుగు నిజంగానే ఇష్టమై ఉండవచ్చు, కాదనడం లేదు. అయితే కృతిభర్త కావడమంటే ఈ నేల మీద రాజుగా గుర్తింపు పొందడం. కాకతీయుల కాలం నుంచి ఇక్కడి నాయకులకు తెలిసిన రాజరికం అదే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అంత తెలుగువాడైన ఇబ్రహీం 1565లో తనకు ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికే మిగతా సుల్తానులతో కలిసి ఎందుకు వెళ్లాడు? అది మతయుద్ధమే కదా అంటారు. రామరాయలు ఏళ్ల తరబడి సుల్తానుల్లో ఒకరిని మరొకరి మీదికి ఉసిగొల్పుతూ, వాళ్ల కోటలు, భూములు లాక్కుంటూ వచ్చాడు. సుల్తానులు ఒక్కటి కావడానికి ఆ భయం చాలు. దీనికన్నా కష్టమైన ప్రశ్న అహోబిలం. 1579లో గోల్కొండ సైన్యం కృష్ణకు దక్షిణాన దండెత్తినప్పుడు ఆ ఆలయాన్ని దోచి, కెంపులు పొదిగిన విగ్రహాన్ని తెచ్చి ఇబ్రహీంకు సమర్పించారు. ఉదార ప్రభువు కథ చెప్పేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు. దాడి నడిపించిన సేనాని మురహరిరావు అనే మరాఠా బ్రాహ్మణుడన్న సంగతిని రెండో కథవాళ్లు దాటేస్తారు. శత్రురాజు పోషించే దేవాలయం ఆ రాజు అధికారానికి గుర్తు. దాన్ని కొల్లగొడితే ఆ అధికారం పోయిందని లోకానికి చాటినట్టు. ఈ పనిని నేను సమర్థించడం లేదు. ఆలయం కోల్పోయిన భక్తుల బాధ ఈ వివరణతో తగ్గదు. కానీ గోల్కొండ రాజకీయాన్ని నడిపించింది మతం ఒక్కటే అన్న మాటకు అహోబిలం సాక్ష్యం కాజాలదు.

మతం కూడా ఉన్నచోట ఉండిపోలేదు. మహమ్మద్ కులీ కాలంలో, 1591లో, హైదరాబాదు వెలసింది. నగరంలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కట్టారు, మొహర్రంలో అలాలు, అంటే ఇమాముల ధ్వజాలు, ఎత్తారు. ఆ రాజు దక్కనీ భాషలో వసంతం మీద, వానాకాలం మీద, పండుగల మీద కవిత్వం రాశాడు. ఇరాన్‌లో షియా మార్గం రాజు ఆజ్ఞతో, ఒత్తిడితో వ్యాపించింది. ఇక్కడి జనంలో అత్యధికులు హిందువులు, ముస్లిముల్లోనూ సున్నీలు చాలామంది. అందరినీ షియాలుగా మార్చడం ఆ కొలువుకు సాధ్యమూ కాదు, అవసరమూ లేదు. దాంతో సిద్ధాంతం కోటలోనే ఉండిపోయింది, పండుగ ఊళ్లలోకి నడిచింది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ అన్ని కులాలదీ అయింది. ఎన్నో ఊళ్లలో హిందువులే పీరును ఎత్తుకుంటారు, నిప్పులగుండం చుట్టూ ఆడతారు. 1636లో షాజహాన్ ఒత్తిడికి లొంగి అబ్దుల్లా కుతుబ్ షా ఖుత్బాలో ఇమాముల పేర్లు తీసేయించి, ఇరాన్ షా పేరు బదులు మొగల్ చక్రవర్తి పేరు చదివించాడు. ఏటా 2 లక్షల హొన్నుల కప్పానికి ఒప్పుకున్నాడు. రాజుల షియా మతానికి అది పెద్ద దెబ్బ. ఊళ్లలో పీర్లు మాత్రం ఎప్పటిలాగే లేచాయి.

ఇంత చెప్పాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. ఇదంతా కరణాలకూ నాయకులకూ లాభమేమో, దున్నేవాడికి ఏం ఒరిగింది? ఇది న్యాయమైన ప్రశ్న. గోల్కొండలో శిస్తు వసూలును ఇజారాకిచ్చేవారు, అంటే ఎక్కువ పాడినవాడికి ఏడాదికింతని గుత్తకిచ్చేవారు. మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ తరఫున ఉన్న విలియం మెత్‌వోల్డ్ ఈ పద్ధతినీ, బాకీపడిన గుత్తదార్లను బెత్తాలతో కొట్టే శిక్షనూ రాసిపెట్టాడు. పైవాడు తిన్న దెబ్బ చివరికి రైతు వీపు మీదే పడుతుంది. భద్రాద్రి గుడికి సర్కారు సొమ్ము ఖర్చు చేసి చెరసాల పాలైన కంచర్ల గోపన్న కథను మనం భక్తికథగానే వింటాం. అందులో ఖజానా కథ కూడా ఉంది. గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్నలు మంత్రులైనా బాకీ బాకీయే. కొలువు తెలుగైనంత మాత్రాన పాలన దయగలది కాలేదు. నా వాదన దయ గురించి కాదు, ఆధారపడటం గురించి. వజ్రాల గనులు, కలంకారీ బట్టలు, డచ్చి, ఇంగ్లీషు ఓడలు ఖజానాకు ఎంత తెచ్చినా రాజ్యానికి వెన్నెముక శిస్తే. శిస్తు లెక్క తెలుగులో ఉంది. పదిహేడో శతాబ్దంలో ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడ్డాయంటే ఆశ్చర్యమేముంది!

ఆ ఆధారం ఎంత లోతైనదో చివరి ముప్పై ఏళ్లు చెబుతాయి. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వర్తకుడై, మీర్ జుమ్లా (ఆర్థిక మంత్రి) పదవికి ఎదిగి, గండికోట దాకా గెలిచిన మహమ్మద్ సయ్యద్ 1656లో మొగలులతో చేరిపోయాడు. అదే ఏడు ఔరంగజేబు గోల్కొండను ముట్టడించాడు. ఆ గాయం తరవాత, తానాషాగా మనకు తెలిసిన అబుల్ హసన్ కాలంలో, అదే మీర్ జుమ్లా పదవి మాదన్నకు దక్కింది. సోదరుడు అక్కన్నతో కలిసి మాదన్న పాత అమీర్లను పక్కకు తప్పించి వసూళ్లలో తనవాళ్లను నిలిపాడు. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు పొత్తు కుదిర్చిందీ అతనే. బ్రాహ్మణుల చేతికి అధికారమిచ్చాడన్నది తానాషా మీద ఔరంగజేబు మోపిన నేరాల్లో ఒకటి. 1686లో గోల్కొండ వీధుల్లోనే అక్కన్న మాదన్నలను చంపేశారు. మరుసటి ఏడు ఎనిమిది నెలల ముట్టడి తరవాత కోట పడిపోయింది. తలుపు తీసినవాడు అఫ్గాన్ సేనాని అబ్దుల్లా ఖాన్ పన్నీ, ఒళ్లంతా గాయాలైనా చివరిదాకా పోరాడినవాడు ఇరానీ అబ్దుర్ రజాక్ లారీ. పుట్టిన గడ్డను బట్టి విధేయతను లెక్కగడితే ఈ ఇద్దరి దగ్గరే లెక్క తప్పుతుంది.

మొగలులు వచ్చాక పాత అమీర్లలో చాలామందికి మన్సబులు, అంటే మొగల్ కొలువులో హోదాలు, ఇచ్చారు. తెలుగు నాయకులకు దక్కినవి చాలా తక్కువ. నూరేళ్లకు పైగా కొలువును కిందనుంచి మోసిన వర్గం ఒక్కసారిగా బయట నిలబడింది. దారులు కాసేవాళ్లు, సొంత బలగాలు పెంచుకునేవాళ్లు ఎక్కువయ్యారు. కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపడు షాపురంలో కోట కట్టి 1708లో వరంగల్లునే కొల్లగొట్టాడు. అతను హిందువుల నుంచీ ముస్లిముల నుంచీ దోచాడు, జమీందార్లు కూడా అతనికి ఎదురు నిలిచారు. అయినా అతణ్ని అణచడానికి మొగల్ సుబేదారుకు 1710 దాకా పట్టింది.