విశ్వవిద్యాలయమునకు విరాళములేల?

బందరులో 2008లో వెలసిన కృష్ణా విశ్వవిద్యాలయము ప్రభుత్వమువారిదే గదా, దానికి విరాళములేల యని పంచాయతీ సభ్యులకు తోచవచ్చును. ప్రభుత్వ ధనము ప్రధానముగా జీతములకు, భవనములకు వినియోగమగును. అర్హులకు ఫీజులో సాయమును లభించును. అయినను దివిసీమ నుండి వచ్చిన కూలివాని బిడ్డకు భోజనపు బాకీ, పుస్తకముల వెల మిగిలియే యుండును. ఆ కొద్దిపాటి సొమ్ము లేకయే చదువు ఆగిపోవుట కద్దు.

ఇందులకు ఉపకరించునది శాశ్వతనిధి. అసలు బ్యాంకులో కదలక యుండును; వడ్డీ మాత్రమే విద్యార్థివేతనమగును. గేదెను అమ్ముకొనక పాలు వాడుకొనుట వంటిదిది. నూటికి ఏడు వడ్డీ యనుకొన్నచో లక్ష రూపాయలపై ఏటా 7,000 వచ్చును. ధరలు పెరుగును గనుక వడ్డీలో కొంత అసలుకు చేర్చుట మేలని మా యభిప్రాయము.

దాత పూర్వవిద్యార్థియే కానక్కరలేదు. నేడు ఈ విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నున్న గుడివాడ కళాశాల 1950లో స్థాపితమైనది. దానికి లక్ష రూపాయలిచ్చిన నటుడు అక్కినేని నాగేశ్వరరావుగారి చదువు ప్రాథమిక పాఠశాలతోనే ముగిసినది! కళాశాల వారి పేరనే నడచుచున్నది.

మీ గ్రామమున చదివి పైకి వచ్చినవారి చిరునామాలు పంచాయతీ సేకరింపవచ్చును. సొమ్ము వ్యక్తుల చేతికి గాక విశ్వవిద్యాలయపు ఖాతాకే చేరవలెను, రశీదు పొందవలెను. వేతనము ఎవరికి, ఏ యర్హతపై ఈయవలెనో, అర్హులు లేని యేట వడ్డీ యేమి కావలెనో ముందుగనే పత్రములో వ్రాయించుడు.