ఉత్తరాది చలికి లారీ సిద్ధమేనా?

విజయవాడ: కొల్లేటి చేపలు, గుంటూరు మిర్చి నింపుకొని మన ప్రాంత లారీలు ఏడాది పొడవునా ఉత్తరాదికి, ఈశాన్య రాష్ట్రాలకు వెళ్తుంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం ఈ ప్రయాణం తీరే వేరు. 30 డిగ్రీల ఎండలో ఆటోనగర్ నుంచి కదిలిన బండి మూడు నాలుగు రోజుల్లో 5 డిగ్రీల చలిలోకి, ముందున్న బండి కూడా కనిపించని పొగమంచులోకి చేరుతుంది. దారి మధ్యలో మొరాయిస్తే మరమ్మతు ఖర్చుతో పాటు సరుకు నష్టం, బాడుగ కోత తప్పవు. బయలుదేరే ముందు ఒక పూట కేటాయిస్తే వీటిలో చాలావరకు నివారించవచ్చు.

పొగమంచుతోనే అసలు ముప్పు

చలి బండిని ఆపుతుంది. పొగమంచు ప్రాణం తీస్తుంది. 50 నుంచి 200 మీటర్ల లోపు మాత్రమే కనిపిస్తే దట్టమైన పొగమంచుగా, 50 మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టమైనదిగా వాతావరణ శాఖ పరిగణిస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే లారీ సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. అంటే 50 మీటర్ల దూరం మూడు సెకన్లలో ముగిసిపోతుంది. లోడుతో ఉన్న బండి ఆ దూరంలో ఆగడం అసాధ్యం.

చాలామంది డ్రైవర్లు మంచు కమ్మగానే పెద్ద లైట్లు వేస్తారు. ఆ వెలుగు నీటి బిందువులకు తగిలి తిరిగి కళ్లలోనే పడుతుంది, ఉన్న చూపు కూడా పోతుంది. డిమ్ లైట్లు, బంపర్ దిగువన అమర్చిన ఫాగ్ లైట్లు మాత్రమే వాడాలి. వైపర్ రబ్బర్లు గట్టిపడి ఉంటే మార్చాలి. మన వైపు వానాకాలం దాటితే వైపర్ సంగతే ఎవరూ పట్టించుకోరు. అక్కడ అద్దంపై చేరే తడిని అరగంటకోసారైనా తుడవక తప్పదు.

తాను చూడటం ఎంత అవసరమో, ఇతరులకు కనిపించడం అంతకంటే అవసరం. వెనుక ఎర్ర లైట్లు, బాడీ చుట్టూ అతికించిన రిఫ్లెక్టర్ టేపు దుమ్ము పట్టి ఉంటే లేనట్లే లెక్క. వేలాడే పట్టా వాటిని కప్పకుండా తాడు బిగించాలి. పొగమంచులో జరిగే ఘోర ప్రమాదాలలో అనేకం లైట్లు లేకుండా రోడ్డు అంచున నిలిపిన బండిని వెనుక నుంచి ఢీకొన్నవే. ఆపవలసి వస్తే పెట్రోలు బంకులోకో, ధాబా ఆవరణలోకో పూర్తిగా రోడ్డు దిగి ఆపాలి. ముందు లారీ ఎర్ర లైటును నమ్ముకొని దాని వెంటే పోవడం మరో ప్రమాదకరమైన అలవాటు.

డీజిల్ చిక్కబడితే

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలి పెరిగేకొద్దీ అది గడ్డలు కట్టి ఫిల్టర్‌ను మూసివేస్తుంది. ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు, శీతాకాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు మించరాదని భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. అందువల్ల ఇక్కడ నింపిన ట్యాంకుతోనే చివరిదాకా లాగాలని చూడకుండా, చలి ప్రాంతంలో ప్రవేశించగానే అక్కడి బంకులో డీజిల్ పట్టించుకోవడం మేలు. బయలుదేరే ముందు ఫిల్టర్ మార్చి, దాని అడుగున చేరిన నీటిని వదిలేయాలి. కిరోసిన్ కలపడం పాత కాలపు చిట్కా. నేటి ఇంజిన్లలోని అధిక పీడన పంపులకు డీజిల్ జిడ్డే కందెన; కిరోసిన్‌తో అవి అరిగిపోతాయి. చిక్కబడిన డీజిల్‌ను కరిగించడానికి ట్యాంకు కింద మంట పెట్టే సాహసం ఎంతమాత్రం తగదు.

లద్దాఖ్ వైపు వెళ్లేవారి పరిస్థితి వేరు. అక్కడి కోసమే ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని డీజిల్‌ను 2019 నవంబరులో విడుదల చేసింది.

నీరు, గాలి, బ్యాటరీ

రేడియేటర్‌లో ఉత్త నీరు పోసే అలవాటు ఇక్కడ చెల్లుతుంది, కశ్మీరులో చెల్లదు. నీరు గడ్డకడితే పరిమాణం సుమారు 9 శాతం పెరిగి ఇంజిన్ దిమ్మనే చీల్చగలదు. కూలెంట్, నీరు సగం సగం కలిపితే మైనస్ 30 డిగ్రీల దాకా భయం లేదు. ఢిల్లీ, లక్నో వంటి మైదాన ప్రాంతాలకే పరిమితమైన లారీలకు ఈ ముప్పు అరుదు. అక్కడికి మామూలు 15డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిలే సరిపోతుంది. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్-6 బండ్లలో పోసే యూరియా ద్రావణం మైనస్ 11 డిగ్రీల వద్ద గడ్డకట్టి వ్యాకోచిస్తుంది కనుక కొండ ప్రాంతాల్లో దాని ట్యాంకును అంచుదాకా నింపరాదు.

టైర్ల విషయంలో చాలామంది మోసపోతారు. 30 డిగ్రీల వేడిలో 100 పౌండ్లు పట్టిన గాలి 5 డిగ్రీల చలికి సుమారు 90 పౌండ్లకు పడిపోతుంది. పంక్చరు లేకున్నా టైరు నలుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఉదయం బండి కదలకముందే గాలి కొలిపించుకోవాలి. బ్రేకు గాలి ట్యాంకుల అడుగున చేరే నీటిని రోజూ వదలాలి. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. ఆ నీరే మంచు ప్రాంతంలో గొట్టాల్లో గడ్డకట్టి బ్రేకులను పనిచేయనివ్వదు. ఎయిర్ డ్రయర్ ఉన్న బండ్లలో దాని కాట్రిడ్జ్ గడువు చూసుకోవాలి.

సున్నా డిగ్రీల వద్ద బ్యాటరీ తన శక్తిలో సుమారు మూడో వంతు కోల్పోతుంది. చల్లబడి చిక్కనైన ఆయిల్‌తో ఇంజిన్‌ను తిప్పడానికి కావలసిన శక్తి మాత్రం పెరుగుతుంది. ఇక్కడే సెల్ఫ్ బద్ధకిస్తుంటే అక్కడ అసలు తిరగదు. రెండు బ్యాటరీలలో ఒకటి పోతే జత మొత్తం మార్చడం మంచిది. పాతదానితో కలిస్తే కొత్తది త్వరగా దెబ్బతింటుంది.

క్యాబిన్‌లో కుంపటి వద్దు

చలికి తాళలేక బొగ్గుల కుంపటిని క్యాబిన్‌లో పెట్టుకొని తలుపులు మూసి నిద్రించడం ఉత్తరాదిలో ఏటా ప్రాణాలు తీస్తోంది. బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. నిద్రలోనే స్పృహ తప్పుతుంది, అరిచే అవకాశం కూడా ఉండదు. ఇంజిన్ నడుపుతూ పడుకున్నా, పొగ గొట్టం లీకైతే ఇదే ప్రమాదం. అయినా తప్పంతా డ్రైవర్‌దే అనలేం. పలుచని దుప్పటితో అతడిని పంపిన యజమానికీ ఇందులో బాధ్యత ఉంది. డ్రైవర్‌కు, క్లీనర్‌కు చెరొక మందపాటి రగ్గు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు కొనివ్వడానికి అయ్యే ఖర్చు ఒక టైరు ధరలో చిన్న భాగమే.