మీకు తెలుసా? జాజ్ పుట్టింది న్యూఆర్లీన్స్‌లో, పోలికలు విజయనగరంలో

• జాజ్ తొలి రికార్డు 1917 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో తయారైంది. వాయించింది తెల్లవాళ్ళ బృందం! ఆ సంగీతాన్ని పుట్టించి పెంచిన న్యూఆర్లీన్స్ నల్లజాతి వాద్యగాళ్ళకి ఆ అవకాశం తరవాతగానీ రాలేదు. వాళ్ళలో ఆద్యుడని చెప్పుకునే బడ్డీ బోల్డెన్ 1907లోనే పిచ్చాసుపత్రి పాలయ్యాడు. అతని బాకా ఎలా మోగేదో వినడానికి ఒక్క రికార్డూ మిగల్లేదు.

• ఆ తొలి రికార్డు తరవాత రెండేళ్ళకి, 1919లో, విజయనగరంలో మహారాజావారి సంగీత కళాశాల మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడిగా ఆయన అందరికీ తెలుసు. అంతేకాదు, రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, వీటితో ఏకకాలంలో అయిదు తాళాలు నడిపించేవారు. 'పంచముఖీ పరమేశ్వర' బిరుదు ఊరికే రాలేదు. ఒకేసారి వేర్వేరు లయలు నడవడమే జాజ్‌కీ ప్రాణం. అది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సొత్తు. న్యూఆర్లీన్స్‌లోని కాంగో స్క్వేర్‌లో ఆదివారాలు వాళ్ళు గుమిగూడి డప్పులు వాయిస్తూ ఆడేవారు. తరవాతి కాలంలో అక్కడి బ్యాండుల్లో ఇద్దరు ముగ్గురి డ్రమ్ముల పని ఒక్కడే చేయడం మొదలైంది. 1909లో లుడ్విగ్ సోదరులు తెచ్చిన కాలిపెడల్ ఆ పనిని తేలిక చేసింది. దాసుగారికి పెడల్ అక్కర్లేదు, గజ్జెలు చాలు.

• జాజ్ తొలినాళ్ళలో తాళం పట్టింది బ్యాంజో. దాని మూలం పశ్చిమాఫ్రికాలో సొరబుర్రకి తోలు బిగించి తీగలు కట్టిన వాద్యం. తోలూ తీగా కలిసే ఇంకో వాద్యం మన జముకు. ఈ రెంటికీ చుట్టరికం ఉందని మాత్రం ఎవరూ అనుకోకండి.

• పొలాల్లో ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు బదులు పలకడం అమెరికా నల్లవాళ్ళ కూలిపాటల తీరు. బ్లూస్‌లోకీ, జాజ్‌లోకీ అదే వచ్చింది. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథ చూసినవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. వంత లేనిదే కథ సాగదు.

• న్యూఆర్లీన్స్‌లో శవయాత్ర ముందు బ్యాండు నడుస్తుంది. వెళ్ళేటప్పుడు విషాదగీతం, తిరిగొచ్చేటప్పుడు హుషారు పాట. శ్రీకాకుళం పల్లెల్లో శవం ముందు మోగే డప్పు విన్నవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు.

• కోర్నెట్, క్లారినెట్ లాంటి సైనిక బ్యాండు వాద్యాలు నల్లవాళ్ళ చేతిలో పడి జాజ్ అయ్యాయి. ఇంగ్లీషువాళ్ళ ఫిడేలు మద్రాసులో బాలుస్వామి దీక్షితార్ చేతిలో పడి కర్ణాటక వాద్యమైంది. దాన్ని విజయనగరానికి పర్యాయపదం చేసింది ద్వారం వెంకటస్వామి నాయుడు. 1893లో బెంగళూరులో పుట్టిన ఆయన, కళాశాల పెట్టిన ఏడాదే 26 ఏళ్ళ వయసులో అక్కడ ఆచార్యుడయ్యారు. 1936లో ప్రిన్సిపాల్ కూడా. అప్పటికి ఫిడేలు ఎక్కువగా పక్కవాద్యమే. గాయకుడు పాడింది అనుసరించాలి, స్వరకల్పనలో తన వంతు రాగానే నాలుగు ఆవర్తాలు చూపించి తప్పుకోవాలి. 1938లో వెల్లూరులో ఆయన ఫిడేలుతోనే సోలో కచేరీ చేశారు. జాజ్‌లోనూ మొదట అందరూ కలిసే వాయించేవారు. ఒక్కడు ముందుకొచ్చి తన కల్పనని పూర్తిగా విప్పి చూపే పద్ధతి 1920ల్లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో బలపడింది.